విజయవాడ వెస్ట్ ఎవరి కంచుకోటా కాదండీ

సంపాదకులు గారికి నమస్కారం,

ఎలక్షన్ల మాట వచ్చిందంటే చాలు ఏ పేపర్ తిప్పినా ఏ ఛానెల్ పెట్టినా ఒకటే మాట, ఫలానా సిటీ ఫలానా పార్టీ కంచుకోట అని. మొన్న మీ పేపర్లో కూడా మా బెజవాడ గురించి రాస్తూ ఒకప్పటి కమ్యూనిస్టుల ఎర్రకోట ఇప్పుడు బీజేపీ వైపు తిరిగి కాషాయం అయిపోయింది అన్నట్టు ఒక లైన్ రాశారు. చదివి పక్కన పెట్టేద్దాం అనుకున్నా కానీ మనసొప్పలేదు, ఎందుకంటే మీరు కోట అంటున్న ఆ వన్‌టౌన్‌లోనే, అంటే విజయవాడ వెస్ట్ నియోజకవర్గంలోనే నేను పుట్టి పెరిగా, ఇప్పటికీ అక్కడే ఉంటున్నా. అందుకే కొంచెం పెద్ద ఉత్తరమే రాస్తున్నా, వీలైతే కత్తిరించకుండా వేయండి.

మాది కొండ ప్రాంతం. కింద రోడ్డు దగ్గర నుంచి మా ఇంటికి 140 మెట్లు. మా నాన్న హమాలీ, వాళ్ల ముఠాలో 14 మంది. లారీ వచ్చి ఆగిందంటే బస్తాలు దించడం, గోడౌన్లో ఒకదాని మీద ఒకటి పేర్చడం, మళ్లీ సాయంత్రం ఇంకో లారీకి ఎత్తడం, ఇదే పని. చీకటి పడేటప్పటికి గోడౌన్ అరుగు మీద కూర్చుని ముఠా మేస్త్రి డబ్బులు పంచేవాడు, పంచేముందు యూనియన్ చందా తీసి ఒక పక్కన పెట్టేవాడు, దానికి ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు. బస్తాకి ఎంత అన్న రేటు అగ్రిమెంట్ ఉండేది, గడువు అయిపోతే షాపుల వాళ్లు ఒక పక్క యూనియన్ వాళ్లు ఒక పక్క కూర్చుని మళ్లీ రాసుకునేవాళ్లు, తేలకపోతే పని బందు. రేటు పెరిగిన రోజు మా ఇంట్లో చేపల పులుసు, అది నాకు బాగా గుర్తు. నాన్నకి చదువు రాదు, మార్క్స్ ఎవరో లెనిన్ ఎవరో తెలీదు. ఎప్పుడూ సీపీఐ గుర్తు కంకి కొడవలికే ఎందుకు వేస్తావు నాన్నా అని ఒకసారి అడిగితే, "మన రేటు మాట్లాడేది వాళ్లే కదరా" అన్నాడు. అంతే, ఇంకేం చెప్పలేదు.

రెండోది ఇల్లు. కొండ మీద ఇళ్లకి అప్పుడు పట్టాలు లేవు. అమ్మ కింద పంపు దగ్గర నుంచి బిందె నెత్తిన పెట్టుకుని ఆ 140 మెట్లూ ఎక్కేది, రోజుకి నాలుగైదు సార్లు. ఎవరైనా వచ్చి ఇళ్లు పీకేస్తారేమో అని భయం ఎప్పుడూ ఉండేది. పట్టాలు కావాలి కుళాయిలు కావాలి వీధి లైట్లు కావాలి అని జెండా పట్టుకుని మున్సిపల్ ఆఫీసు ముందు కూర్చున్నది కూడా ఆ పార్టీ వాళ్లే. 1981లో విజయవాడ కార్పొరేషన్ అయ్యింది, మొదటి మేయర్ టి.వెంకటేశ్వరరావు గారు, సీపీఐ. నాకప్పుడు పదకొండేళ్లు, మా సందులో పిల్లలందరం ఎర్ర కాగితం జెండాలు పట్టుకుని మెట్ల మీద కిందకీ పైకీ పరిగెత్తాం. ఆయనే మళ్లీ 1995లో మేయర్ అయ్యారు.

పోలింగ్ రోజు సంగతి ఒకటి చెప్పాలి. బూత్‌కి కొంచెం దూరంలో పార్టీల వాళ్లు బల్లలు వేసుకుని ఓటరు స్లిప్పులు రాసిచ్చేవాళ్లు కదా, ఎర్రజెండా బల్ల దగ్గర ఎప్పుడూ ఒకే మనిషి కూర్చునేవాడు, మాకు రెండిళ్ల అవతల ఉండే రిక్షా ఆయన. లిస్టు ముందు ఉండేది కానీ దాన్ని చూసేవాడు కాదు. మా అమ్మ దూరంగా కనపడగానే డోర్ నంబరు, సీరియల్ నంబరు నోటితో చెప్పి స్లిప్పు రాసి చేతిలో పెట్టేవాడు, "పెద్దాయన ఇంకా రాలేదేంటమ్మా" అని అడిగేవాడు. ఎవరింట్లో ఎవరికి జ్వరమో ఎవరు ఊరెళ్లారో అన్నీ తెలుసు ఆయనకి. నా మొదటి ఓటు 1989లో, 18 ఏళ్లకే ఓటు ఇచ్చిన ఏడాది, నాక్కూడా ఆయనే రాసిచ్చాడు. ఎర్రకోట అని మీరు రాసింది ఏదైనా ఉందంటే అది ఆ బల్ల దగ్గర కూర్చున్న మనిషే అని నేను అనుకుంటా.

సరే, ఇప్పుడు లెక్క చూడండి. విజయవాడ వెస్ట్‌లో సీపీఐ 1985లో గెలిచింది, 1994లో గెలిచింది, 2004లో గెలిచింది. మొదటి రెండుసార్లు తెలుగుదేశంతో పొత్తు, మూడోసారి కాంగ్రెస్‌తో పొత్తు. మధ్యలో 1989లోనూ 1999లోనూ కాంగ్రెస్ గెలిచింది. అంటే నాన్న వాళ్ల రోజుల్లో కూడా ఎర్ర ఓటు ఒక్కటే సీటు తెచ్చిపెట్టేంత లేదు, దానికి ఇంకో పెద్ద పార్టీ ఓటు కలిస్తేనే ఒడ్డున పడేది. కాకపోతే కలుపుకోవాలి అని పెద్ద పార్టీలకి అనిపించేంత బలం ఉంది, ఆ సీటు వాళ్లకి వదలాల్సిందే అనేంత బలం. ఇది మామూలు విషయం కాదు గానీ కోట అంటే మాత్రం ఒప్పుకోను.

మరి ఆ బలం ఎటు పోయింది అంటే, జనం ఒక రోజు పొద్దున్నే లేచి సిద్ధాంతం మార్చుకున్నారు అన్నట్టు రాస్తారు చాలామంది, అట్టా జరగలేదండీ. ముందు పని పోయింది. వన్‌టౌన్‌లో సందుసందుకీ ఉండే హోల్‌సేల్ వ్యాపారం చాలావరకు గొల్లపూడి కాంప్లెక్స్‌కి వెళ్లిపోయింది, ట్రాఫిక్ పరంగా మంచిదే కాదనను. కానీ గొల్లపూడి సిటీ బయట, అసెంబ్లీకి వచ్చేసరికి అది మైలవరం నియోజకవర్గం. హమాలీ ఇల్లేమో వన్‌టౌన్ కొండ మీద ఉంది, పని గొల్లపూడిలో ఉంది. పొద్దున్నే ఆటో ఎక్కి వెళ్లి రాత్రికి వస్తాడు, యూనియన్ మీటింగ్ అక్కడ, ఓటు ఇక్కడ. ఒకప్పుడు ఒకే సందులో పనీ ఇల్లూ యూనియన్ ఆఫీసూ ఓటూ అన్నీ ఉండేవి, అవి విడిపోయాక చందా కట్టేవాడికీ ఓటు అడిగేవాడికీ ముఖపరిచయం కూడా లేకుండా పోయింది. రిక్షాలు పోయి ఆటోలు వచ్చాయి. రిక్షావాళ్లకి యూనియన్ ఒకటి, ఆటో స్టాండ్లకి మాత్రం స్టాండ్‌కో జెండా, గవర్నమెంట్ మారితే స్టాండ్ బోర్డు మీద ఫోటో కూడా మారుతుంది.

ఇంకోటి చెప్పాలి, ఇది చెప్పడానికి నాకు కొంచెం బాధే. పట్టాల కోసం కుళాయిల కోసం కొట్లాడిన పార్టీకి ఆ కొట్లాట గెలవడం వల్లే ఓట్లు తగ్గాయి. చేతికి పట్టా వచ్చింది, కుళాయి కొండ మీదకి వచ్చింది, అమ్మ బిందె మోయడం మానేసింది. తర్వాత పుట్టిన పిల్లలకి ఆ భయం తెలీదు, వాళ్ల అవసరాలు వేరు, ఇంజినీరింగ్ ఫీజు, హాస్పిటల్ బిల్లు, బండి ఈఎంఐ. ఈ విషయాల మీద వాళ్ల గుమ్మం దగ్గరికి వచ్చి మాట్లాడింది ఎర్రజెండా వాళ్లు కాదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆరోగ్యశ్రీ వచ్చాక మా కొండ మీద ఎన్ని ఇళ్లు చేతి గుర్తు వైపు తిరిగాయో నా కళ్లతో చూశా. మా నాన్న ఆఖరి ఓటు 2004లో వేశాడు, కంకి కొడవలికే, పొత్తులో కాబట్టి గెలిచింది కూడా. 2006లో పోయాడు. వెస్ట్‌లో ఆ గుర్తు గెలవడం కూడా 2004లోనే ఆఖరు.

కులం సంగతి వదిలేసి బెజవాడ రాజకీయం రాయడం కుదరదు, అది నాకూ తెలుసు. కానీ కులం ఒక్కటే అని రాసేవాళ్లకి ఒకటి గుర్తు చేస్తా. వంగవీటి రాధా, రంగా పేర్లు పైకి వచ్చింది కూడా యూనియన్ల రాజకీయంలోంచే, కార్మికుల మీద పట్టు ఎవరిదన్న గొడవలోంచే. 1985లో రంగా గారు విజయవాడ ఈస్ట్‌లో కాంగ్రెస్ తరఫున గెలిచారు, తెలుగుదేశం గాలి గట్టిగా వీచిన ఎలక్షన్ అది. 1988 డిసెంబరు 26 తెల్లవారుజామున నిరాహార దీక్షలో ఉండగా ఆయన్ని చంపేశారు, ఆ తర్వాత ఊరు తగలబడింది, కర్ఫ్యూ పెట్టారు. నాకు 18 ఏళ్లు, ఇంట్లోంచి కదలనివ్వలేదు, కొండ మీద నుంచి చూస్తే ఎక్కడ చూసినా పొగే. మా నాన్న ముఠాలో 14 మందిలో అన్ని కులాల వాళ్లూ ఉండేవాళ్లు, ఒకే క్యారేజీలో తినేవాళ్లు. ఆ డిసెంబరు తర్వాత ముఠాలో నలుగురు కలిసి కూర్చున్నా రాజకీయం మాట్లాడటం తగ్గించేశారు, అది నాన్న చెప్పిన మాట. ఈస్ట్‌లో 1989లోనూ 1994లోనూ రంగా గారి భార్య రత్నకుమారి గారు గెలిచారు. కార్మికుడా కాదా అని చూసుకునే ఊరు మనవాడా కాదా అని చూసుకోవడం అప్పటి నుంచి ఎక్కువైంది, ఆ గాయం ఇప్పటికీ పూర్తిగా మానలేదు.

ఇక కాషాయం అయిపోయింది అన్న మాట దగ్గరికి వస్తా. 2024లో వెస్ట్‌లో బీజేపీ తరఫున సుజనా చౌదరి గారు గెలిచారు, నిజమే, 47 వేల పైన మెజారిటీ కూడా నిజమే. కానీ బెజవాడలో బీజేపీ గెలవడం ఇది మొదటిసారి కాదు. 1999లో ఈస్ట్‌లో కోట శ్రీనివాసరావు గారు గెలిచారు, సినిమాల కోట గారే, తెలుగుదేశం పొత్తులో. 2004 వచ్చేసరికి ఆ సీటు కాంగ్రెస్‌కి పోయింది. 2014లో ఇదే వెస్ట్‌లో ఇదే పొత్తులో బీజేపీ నిలబడి వైసీపీ చేతిలో ఓడిపోయింది. అప్పుడు బీజేపీ క్యాండిడేట్ ఎవరనుకున్నారు, వెలంపల్లి శ్రీనివాస్ గారు. 2009లో ప్రజారాజ్యం తరఫున అక్కడే గెలిచారు, 2014లో బీజేపీ నుంచి ఓడారు, 2019లో వైసీపీ నుంచి గెలిచారు. ఒకే మనిషి, ఒకే సీటు, మూడు ఎలక్షన్లలో మూడు గుర్తులు. 2014లో వైసీపీ నుంచి గెలిచిన జలీల్‌ఖాన్ గారేమో తర్వాత తెలుగుదేశంలోకి వెళ్లారు. లీడర్లే ఇట్టా మారుతుంటే ఓటరు మారాడు, నగరం రంగు మారింది అని జనం మీద రాయడం న్యాయం కాదు. మా వీధిలో 2024లో కమలానికి వేసినవాళ్లు నాతో చెప్పింది ఏంటంటే మేము కూటమికి వేశాం అని. పార్టీ పేరు చెప్పిన వాళ్లు తక్కువ. రేపు పొత్తు మారితే ఆ ఓటు ఎటు పోతుందో ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు.

గాలి కూడా సిటీకీ రాష్ట్రానికీ ఒకేలా వీయదు. 2019లో వైసీపీకి రాష్ట్రంలో 151 సీట్లు వచ్చాయి, కానీ ఎంపీ సీటు విజయవాడ తెలుగుదేశానికే ఇచ్చింది, ఈస్ట్ కూడా వాళ్లకే, సెంట్రల్లో వైసీపీ 25 ఓట్లతో బయటపడింది. ఇరవై అయిదు, వేలు కాదు. సీపీఎం కూడా పోటీలో ఉన్న సీటు అది. అదే ఏడాది విశాఖ సిటీలో ఈస్ట్ వెస్ట్ నార్త్ సౌత్ నాలుగూ తెలుగుదేశమే. అప్పుడు అందరూ సిటీలు తెలుగుదేశం వైపు అని రాశారు. 2021 మార్చిలో కార్పొరేషన్ ఎన్నికలు వచ్చాయి, రాజధాని గొడవ మంచి వేడి మీద ఉంది, అమరావతి మాకు కూతవేటు దూరం, బెజవాడ వైసీపీకి వెయ్యనే వెయ్యదు అన్నారు. 64 డివిజన్లలో వైసీపీకి 49 వచ్చాయి, తెలుగుదేశానికి 14, సీపీఎంకి 1. విశాఖ కార్పొరేషన్ కూడా వైసీపీకే. మూడేళ్లకి 2024లో మూడు అసెంబ్లీ సీట్లూ ఎంపీ సీటూ మొత్తం కూటమికి. ఇందులో కోట ఎక్కడ ఉందండీ. హైదరాబాద్ చూడండి, 2023లో కాంగ్రెస్ 64 సీట్లతో గవర్నమెంట్ పెట్టింది, హైదరాబాద్ జిల్లాలో ఉన్న 15 సీట్లలో ఒక్కటి కూడా రాలేదు. తర్వాత ఉప ఎన్నికల్లో కంటోన్మెంట్ గెలిచింది, జూబ్లీహిల్స్ గెలిచింది. ఆ ఓటర్లకి ఏడాది రెండేళ్లలో సిద్ధాంతం మారిందా, గవర్నమెంట్ ఎవరిదో చూసి పని అవుతుందని వేశారా, మీరే ఆలోచించండి.

ఇది మన ఊళ్ల సంగతే అనుకోకండి. మా పెదనాన్న ఒకాయన చేనేత వదిలేసి బొంబాయి మిల్లుకి పోయాడు, అట్టా పోయిన తెలుగువాళ్లు ఆ రోజుల్లో చాలామంది. పరేల్, లాల్‌బాగ్ మిల్లు ఏరియా అంతా ఎర్రజెండానే అని చెప్పేవాడు. 1970లో అక్కడి సీపీఐ ఎమ్మెల్యే కృష్ణ దేశాయ్‌ని చంపేశారు, ఆ ఉప ఎన్నికలో గెలిచి శివసేన మొదటి ఎమ్మెల్యే సీటు తెచ్చుకుంది. 1982లో దత్తా సామంత్ నాయకత్వంలో మిల్లు సమ్మె మొదలైంది, సుమారు రెండున్నర లక్షల మంది, అది మళ్లీ లేవనే లేదు. మిల్లులు మూసేసిన స్థలాల్లో తర్వాత మాల్స్, టవర్లు లేచాయి. పెదనాన్న సమ్మె రెండో ఏడు తిరిగొచ్చేశాడు, చేతిలో ఒక ట్రంకు పెట్టె, యూనియన్ కార్డు. మిల్లు గేటు లేకపోతే గేటు మీటింగ్ ఎక్కడ పెడతారు. మా గోడౌన్లకి జరిగింది కూడా అదే, కాకపోతే మాకు నెమ్మదిగా జరిగింది, ఎవరూ వార్త రాయలేదు.

ఇప్పుడు బెజవాడ ఓటరు ఎక్కడ ఉన్నాడో కూడా చూడాలి. మా అమ్మాయి హైదరాబాద్‌లో ఉద్యోగం, ఓటు మాత్రం మా కొండ మీదే. 2024 మే 13కి ముందు రోజు రాత్రి బస్సులో సీటు దొరక్క ముగ్గురు ఫ్రెండ్స్ కలిసి కారు మాట్లాడుకుని వచ్చింది, హైవే మొత్తం ఇట్టాంటి బండ్లే. వాళ్లు ఓటు వేసేది మా డివిజన్ కాలవ గురించి కాదు, రాజధాని వస్తుందా ఉద్యోగాలు వస్తాయా తిరిగి రాగలమా అని. మా అబ్బాయి ఆటో నడుపుతాడు, అప్పట్లో వైసీపీ గవర్నమెంట్ ఆటోవాళ్లకి ఇచ్చిన వాహనమిత్ర పదివేలు తీసుకున్నాడు, ఇప్పటి గవర్నమెంట్ 15 వేలు ఇచ్చింది అదీ తీసుకున్నాడు, ఆడవాళ్లకి బస్సు ఫ్రీ అయ్యాక గిరాకీ తగ్గిందని బాధపడతాడు. మా ఆవిడకేమో ఆ ఫ్రీ బస్సు బాగుంది. ఒకే ఇంట్లో మూడు ఓట్లకి మూడు కారణాలు. మా నాన్న రోజుల్లో మా ఇంటి ఓట్లన్నిటికీ కారణం ఒకటే, బస్తా రేటు.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి ఊరి మీద పడింది. మేము కొండ మీద కాబట్టి మునగలేదు, మా చెల్లెలు వాళ్లది సింగ్ నగర్, కింద పోర్షన్ మొత్తం నీళ్లు, పై వాటా వాళ్ల దగ్గర ఎనిమిది మంది సర్దుకున్నారు. డ్రోన్లతో అన్నం పొట్లాలు వేశారు, పడవలు వచ్చాయి, కానీ మెయిన్ రోడ్డు దగ్గరి వాళ్లకి అందినట్టు లోపలి సందులకి అందలేదు. రెండో రోజు సాయంత్రం వాళ్లకి పాల ప్యాకెట్లు తెచ్చింది పక్క వీధి కుర్రాళ్లు, లారీ ట్యూబ్ మీద ఈదుకుంటూ. చెల్లెలు నాతో అన్న మాట, "అన్నయ్యా, ఫోన్ చేయడానికి మా డివిజన్లో ఏ పార్టీ వాడి నంబరూ నా దగ్గర లేదు" అని. నాకు వెంటనే ఆ రిక్షా ఆయన గుర్తొచ్చాడు, బల్ల దగ్గర కూర్చుని డోర్ నంబర్లు నోటికి చెప్పే ఆయన. 2024 పోలింగ్ రోజు మా బూత్ బయట అన్ని పార్టీల బల్లల దగ్గరా తిరిగా, కూర్చున్న పిల్లలు మా వీధివాళ్లు కాదు, ఫోన్లో యాప్ తెరిచి పేరు కొట్టమంటే నా ఇంటిపేరు రెండుసార్లు తప్పు కొట్టారు. మంచి పిల్లలే, మంచినీళ్లు కూడా ఇచ్చారు. కానీ మర్నాడు వాళ్లు మళ్లీ కనపడలేదు.

అందుకే మీకు నా విన్నపం ఏంటంటే, ఏ పార్టీ కోట ఎవరు కొట్టారు అన్న లెక్క కాకుండా డివిజన్ వారీగా రాయండి. ఈ డివిజన్లో 1995లో జనం ఏం పని చేసేవాళ్లు ఇప్పుడేం చేస్తున్నారు, సొంత ఇళ్లు ఎన్ని అద్దె ఇళ్లు ఎన్ని, ఎవరు వచ్చారు ఎవరు వెళ్లిపోయారు, ఏ పార్టీకి ఆ వీధిలో కూర్చునే మనిషి ఉన్నాడు. బూత్ వారీ లెక్కలు ఎలక్షన్ కమిషన్ దగ్గర ఉంటాయి, మీలాంటి పెద్ద పేపర్‌కి అది కష్టం కాదు. 2021లో గెలిచిన కౌన్సిల్‌కి అయిదేళ్ల గడువు 2026 మార్చి వరకే. పోయినసారి గడువు దాటాక దాదాపు రెండేళ్లు కార్పొరేటర్ అనేవాడు లేకుండా స్పెషలాఫీసర్ పాలనలో గడిపాం, కాలవ పూడిక తీయమని ఎవరిని అడగాలో తెలీలేదు. ఎన్నికలు టైమ్‌కి పెట్టాలి అని మీ ఎడిటోరియల్‌లో గట్టిగా రాయండి, అది ఏ పార్టీ వైపూ మాట్లాడినట్టు కాదు.

ఒక రిపోర్టర్‌ని మా కొండ మీదకి పంపండి. నాన్న ముఠాలో ఇద్దరు ఇంకా ఉన్నారు, ఎనభై దాటాయి, అన్నీ గుర్తున్నాయి వాళ్లకి, అగ్రిమెంట్ రేట్లతో సహా. 140 మెట్లు, పొద్దున ఏడింటి లోపు ఎక్కితే ఎండ తగలదు, టీ మా ఇంట్లో.

ఇట్లు,
ఒక వన్‌టౌన్ వాసి,
విజయవాడ